స్టెల్లా డైరీలో నలభై మూడు ఉదయాలు

జూలై పదిహేను, మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు తెనాలి కిడ్నీ ఆసుపత్రిలో స్టెల్లా చనిపోయింది. వయసు పదకొండేళ్లు. ఆరో తరగతి.

ఇంతవరకు తెలిసినవి ఇవి.

స్టెల్లాకు ఐదో ఏట కిడ్నీ జబ్బు వచ్చింది. మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు. ప్రొటీన్ పోతే ఒంట్లో నీరు చేరుతుంది. మొహం, పొట్ట, కాళ్లు ఉబ్బుతాయి. మామూలు ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదకు తెస్తుంది. స్టెరాయిడ్ మాత్రలు కొన్నేళ్లు పనిచేశాయి, తర్వాత పట్టు తప్పాయి. ఈ జబ్బుకు ఒక కొత్త మందును పిల్లల్లోనూ పెద్దల్లోనూ పరీక్షించే పరిశోధన పోయిన నవంబరులో తెనాలి ఆసుపత్రిలో మొదలైంది. ముప్ఫై నాలుగు మంది చేరారు. పిల్లలు పంతొమ్మిది, పెద్దలు పదిహేను. సగం మందికి మందున్న క్యాప్సూల్, సగం మందికి మందు లేని క్యాప్సూల్. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

చేరినవాళ్లు రోజూ ఉదయం మొదటి మూత్రంలో ఒక స్ట్రిప్పు ముంచి రంగు చూడాలి. పసుపు అలాగే ఉంటే ప్రొటీన్ లేదు. డైరీలో ‘నిల్’ అని రాయాలి. ఆకుపచ్చకు తిరిగితే, ఎంత ముదిరితే అన్ని ప్లస్‌లు, నాలుగు దాకా. ప్రతి సోమవారం పరిశోధన నర్సు శ్రీజ ఫోన్ చేసేది. స్టెల్లా తల్లి కృపారాణి రేపల్లె నుంచి ఆ వారం అంకెలు చదివేది. మార్చి నుంచి అన్నీ నిల్. ఆ నిల్‌లను బట్టే డాక్టర్ చలపతిరావు జూన్ పదహారున ఒకసారి, జూలై ఏడున ఒకసారి స్టెరాయిడ్ మోతాదు తగ్గించాడు.

జూలై పద్నాలుగు, సోమవారం ఉదయం డైరీలో నిల్ అని ఉంది. ఆ సాయంత్రం ఐదున్నరకు కృపారాణి కారు మాట్లాడుకుని కూతురిని తెనాలి తీసుకొచ్చింది. జ్వరం నూట మూడు. పొట్ట మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. పొట్టలో చేరిన నీటికి ఇన్ఫెక్షన్ సోకింది. ల్యాబ్‌లో మూత్రం నాలుగు ప్లస్‌లు. రక్తంలో ప్రొటీన్ ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు.

“ఇది ఒక్క రోజులో జరిగేది కాదు,” అన్నాడు చలపతిరావు. “వారాలు పడుతుంది.”

బుధవారం రేపల్లెలో భూస్థాపన జరిగింది. తండ్రి ఆదాము బాపట్లలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు అసిస్టెంటు. వారమంతా అక్కడే గదిలో ఉండి, శుక్రవారం సాయంత్రం ఇంటికొస్తాడు. సమాధుల తోట నుంచి బయటికి వస్తూ ఆయన డాక్టరుతో ఒకే మాట అన్నాడు. “నిల్ ఉన్న పిల్ల చచ్చిపోయిందంటే, చంపింది మీ మందే.”

పరిశోధనను పర్యవేక్షించే కమిటీ గురువారం కూర్చుంది. కొత్త సీసాలు ఎవరికీ ఇవ్వొద్దంది. స్టెల్లా ఇంట్లో ఉన్న డైరీ, స్ట్రిప్పులు, మిగిలిన క్యాప్సూల్స్ తెచ్చి సీలు వేయమంది. తేల్చాల్సిన ప్రశ్న ఒకటే. స్ట్రిప్పులు పాడయ్యాయా, డైరీ తప్పా, మందు తప్పా?

జూలై ఇరవై ఒకటి, సోమవారం శ్రీజ రేపల్లె బయలుదేరింది.

తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజరు ఇరవై నిమిషాలు లేటు. బెంచీ మీద ఉండగా ఫోన్ మోగింది. బాపట్ల దగ్గర రైతు బసవేశ్వరరావు. యాభై ఎనిమిదేళ్లు. పరిశోధనలో ఉన్న పదిహేను మంది పెద్దల్లో ఒకడు. ఆసుపత్రికి వచ్చే రోజుల్లో ఆయనా స్టెల్లా పక్కపక్కన కూర్చుని అంకెలు పోల్చుకునేవాళ్లు.

“ఏం అమ్మాయ్, మా సీసాలు ఆపేశారంటగా?”

“ఆపామండి. కమిటీ తేల్చేదాకా.”

“మీ కమిటీ తేల్చేలోపు నా కాళ్లు తేల్చేస్తయ్. ఇవాళ్టికీ నిల్లే నాకు. నాలుగు క్యాప్సూల్సు మిగిలినయ్. మింగనా, దాచనా?”

“మింగొద్దు. దాచండి. మీ ఊరూ వస్తాను వాటి కోసం.”

“ఏడేళ్లకి చెప్పులు కాళ్లకి పట్టినయ్యమ్మాయ్. నారుమడిలోకి నేనే దిగి నారు పోయించా ఈసారి. ఆ ముక్క కూడా రాసుకో కమిటీకి.”

“రాస్తానండి.”

ఆయన ఫోన్ పెట్టలేదు. ట్రాక్టరు శబ్దం దగ్గరగా వచ్చి దూరమైంది.

“ఇంకో మాట. ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. జూన్ మొదట్లో. వాళ్లమ్మ ఫోన్ నుంచి. పెద్దయ్యా, ప్లస్ వస్తే మీరు ఇంట్లో చెప్తారా అనడిగింది. చెప్పనే పిల్లా, చెప్తే మా ఆవిడ ఉప్పు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుద్ది అన్నా. నవ్వింది. మరి డైరీలో ఏం రాయాలి అంది. శ్రీజమ్మకి మాత్రం నిజమే రాయాల, లేకపోతే ఆ అమ్మాయి పరిశోధనంతా పాడైపోద్ది అన్నా. సరే పెద్దయ్యా అంది.”

శ్రీజ లేచి నిలబడింది.

“ఎవరి ప్లస్సే అని అడగలా అమ్మాయ్. అడగాల్సింది. నవ్వుతా ఉన్నా.”

“ఈ మాట మొన్న భూస్థాపనకి వచ్చినప్పుడు చెప్పలేదేంటండీ?”

“నోటిదాకా వచ్చింది. ఆ తల్లి ఎదురుగా ఉంది.”

పదకొండుకు శ్రీజ కృపారాణి ఇంటికి చేరింది. బడి వెనక వీధిలో మూడో ఇల్లు. చర్చి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు వరండాలో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన, ఆదరణ కూడిక, శనివారం అయింది. చుట్టాలు ఆ సాయంత్రమే వెళ్లిపోయారు. కృపారాణి ఎయిడెడ్ స్కూల్లో మూడో తరగతి టీచరు. నెలాఖరు దాకా సెలవు పెట్టింది.

“వందనాలక్కా.”

“రామ్మా. ఆయన లేరు. పొద్దున బస్సుకి బాపట్ల వెళ్లారు. ఇవాళ సోమవారంగా, కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. సాయంత్రం ఆరున్నర బస్సుకి వచ్చేస్తారు.”

“తెలుసక్కా. ఆదాము అన్నయ్య డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పారు.”

“తిట్టారా?”

“ఆయన్ని. నన్నేం అనలేదు.”

“నిన్నెందుకంటారు. దానికి నువ్వంటే...” కృపారాణి మాట అక్కడ ఆపింది. లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. “చదువు. నీకు తెలియకుండా ఇవ్వడం నాకిష్టం లేదు.”

అర్జీ జిరాక్సు. డీటీపీ షాపులో టైపు చేయించింది. ఒక పేజీ. నాలుగో పేరా ఇలా ఉంది: “నా కుమార్తెకు జూలై 14 ఉదయం వరకు మూత్రంలో ప్రొటీన్ లేదని ఆమె డైరీయే రుజువు. జబ్బు లేని పిల్ల మరణించుటకు సదరు పరిశోధన మందు తప్ప వేరొక కారణం లేదు. కావున సదరు పరిశోధనను శాశ్వతంగా నిలిపివేసి, బాధ్యులపై చర్య తీసుకోవలసినదిగా కోరుచున్నాను.”

శ్రీజ రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చింది.

“నా పిల్ల తిన్నది మందా, ఉత్త క్యాప్సూలా?”

“నాకు తెలియదక్కా.”

“డాక్టరుకి?”

“ఆయనకీ తెలియదు. కమిటీ అడిగితే మందు కంపెనీ వాళ్లు ఎవరికి ఏది ఇచ్చారో విప్పి చెప్తారు. అడిగారు. జవాబు ఇంకా రాలేదు.”

“ఉత్తదైతే మందు చంపలేదన్నట్టు. అంతేనా?”

“అంతే.”

“మందైతే?”

“అప్పుడు డైరీ చూడాలక్కా. డైరీ నిజమైతే మందు మీద అనుమానం. స్ట్రిప్పులు పాడైతే డైరీ నిజం కాదు.”

“స్ట్రిప్పులే పాడయ్యుంటాయి,” అంది కృపారాణి. “ఇక్కడ గాలికి ఉప్పు డబ్బాలో ఉప్పే నీళ్లవుద్ది. మూత బిగించి పెట్టమని రోజూ చెప్పేదాన్ని.”

శ్రీజ సంచిలోంచి రెండు సీసాలు తీసింది. ఒకదాంట్లో మంచినీళ్లు. రెండోదాంట్లో ల్యాబ్ వాళ్లు ప్రొటీన్ కలిపి ఇచ్చిన నీళ్లు, మూడు ప్లస్‌లు చూపించాల్సినవి. కృపారాణి స్ట్రిప్పుల డబ్బా తెచ్చింది. మూత బిగించి ఉంది. శ్రీజ ఒక స్ట్రిప్పు మంచినీళ్లలో ముంచి తీసింది. ఇద్దరూ గోడ గడియారం వైపు చూశారు. అరవై సెకన్లు. పసుపు మారలేదు. ఇంకొకటి రెండో సీసాలో ముంచింది. నలభై సెకన్లకే ఆకుపచ్చకు తిరిగింది.

“ఇంకొకటి చెయ్యి,” అంది కృపారాణి.

చేసింది. ఆకుపచ్చ.

“డబ్బా అడుగు నుంచి తియ్యి.”

తీసింది. ఆకుపచ్చ.

“స్ట్రిప్పులు బాగున్నాయక్కా.”

కృపారాణి మూడు ఆకుపచ్చ స్ట్రిప్పుల్నీ కాగితం మీద వరసగా పెట్టింది. వాటిని సరిచేసింది. మళ్లీ సరిచేసింది.

“డైరీ రాసింది ఎవరక్కా?”

“ఆ ప్రశ్న నువ్వడగకూడదమ్మా. దాన్ని రాయనిమ్మన్నది నువ్వు. ఈ పిల్ల నాకంటే బాగా చదువుతోందక్కా రంగు, దాన్నే రాయనివ్వండి, మీరు చూసి సంతకం పెట్టండి అన్నావు. ఈ బల్ల దగ్గరే అన్నావు.”

“అన్నాను.”

పరిశోధన నిబంధన ప్రకారం పిల్లల స్ట్రిప్పు తల్లో తండ్రో చదవాలి. డిసెంబరు నాలుగున శ్రీజ ఫైల్లో ‘తల్లి చదువుతున్నారు’ అని రాసి కింద సంతకం చేసింది. ఆ మాట ఇప్పుడు కృపారాణికి చెప్పింది. దాచకుండా కమిటీకీ చెప్తానంది.

“మీరు చూసే పెట్టారా అక్కా, సంతకాలు?”

కృపారాణి లోపలి నుంచి డైరీ తెచ్చింది. జూన్ పేజీ తీసింది. ఒక్కో వారం ఏడు గళ్లు. ప్రతి గడిలో స్టెల్లా రాసిన ‘నిల్’, పక్కన తల్లి పొడి సంతకం. ఏడు సంతకాలూ ఒకే పెన్నుతో ఉన్నాయి. ఒకే వాలు.

“నా క్లాసులో నలభై రెండు మంది. కాపీ పుస్తకాలు దొంతర పెట్టుకుని కూర్చుంటే చెయ్యి దానంతటదే పోతది. ఇదీ అంతే. ఆదివారం చర్చి నుంచి వచ్చి, బియ్యం పొయ్యి మీద పెట్టి, ఏడు సంతకాలు. స్ట్రిప్పు నా కళ్లతో చూసింది ఏప్రిల్లో.”

“మొహం ఉబ్బలేదా?”

“ఆరేళ్లుగా ఆ మొహమేనమ్మా. స్టెరాయిడ్ మొహం అనుకున్నా. మీరేమో తగ్గించారు, ఇక దిగుద్దిలే అనుకున్నా.” కృపారాణి డైరీ మూసింది. “కానీ అది అబద్ధం రాయదు. నా పిల్లని నేనెరుగుదును. ఎందుకు రాయాలి? దానికేం పని?”

బసవేశ్వరరావు ఫోన్లో అన్న మాటలు శ్రీజ చెప్పింది. ఉప్పు డబ్బా మాటతో సహా చెప్పింది.

“ఇంట్లో చెప్తారా అని అడిగిందా?”

“అవునక్కా.”

“ఇంట్లో అంటే నేనేగా,” అంది కృపారాణి.

పక్కింట్లో కుక్కరు కూత వేసింది. 

స్టెల్లా స్కూలు బ్యాగు తలుపు వెనక కొక్కేనికి ఉంది. వారం నుంచి ఎవరూ తియ్యలేదు. కృపారాణి దాన్ని దించి బల్ల మీద పెట్టి జిప్పు లాగింది. పుస్తకాలు ఒక్కొక్కటే తీసింది. ప్రతిదానికీ బ్రౌన్ కాగితం అట్ట, లేబులు. తెలుగు. గణితం. సైన్సు. హిందీ. ఐదోది వంద పేజీల నోటుపుస్తకం. లేబులు మీద పేరు దగ్గర స్టెల్లా అనీ, తరగతి దగ్గర 6-బి అనీ ఉంది. సబ్జెక్టు దగ్గర ‘శ్రీజక్క’ అని ఉంది.

కృపారాణి ఆ పుస్తకాన్ని శ్రీజ వైపు జరిపింది. “నీకే.”

మొదటి పేజీ:

“జూన్ 2, సోమవారం. రెండు ప్లస్‌లు. శ్రీజక్కా, ఇవి నిజం అంకెలు. డైరీలో నిల్ రాశాను. నిన్న అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది, దేవుడు స్టెల్లాని బాగుచేశాడని. అందరూ లేచి నిలబడ్డారు. ఇవాళే ప్లస్ వచ్చింది. రేపు తగ్గిపోతుంది. తగ్గితే ఎవరికీ తెలియదు. పెద్దయ్యని అడిగాను. ఇంట్లో చెప్పక్కర్లేదు, శ్రీజక్కకి మాత్రం నిజం రాయాలి అన్నారు. జూలై 17న తెనాలి వస్తాంగా, అప్పుడు ఇది ఇస్తాను. పరిశోధన పాడవదు.”

శ్రీజ పైకే చదివింది. కృపారాణి చదవమంది.

“జూన్ ఒకటి,” అంది కృపారాణి. “నెలలో మొదటి ఆదివారం. రొట్టె ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం, అందరూ వస్తారు. నిల్ వచ్చి మూణ్నెల్లు నిండితే లేచి సాక్ష్యం చెప్తానని స్త్రీల సమాజంలో మాటిచ్చా. ఆరేళ్లమ్మా. శుక్రవారం శుక్రవారం వాళ్లు నా పిల్ల కోసం ఉపవాసం ఉన్నారు. కొండమ్మగారికి డెబ్భై దాటినయ్. షుగరు. ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. వాళ్లకి చెప్పొద్దా? ఇక చాలమ్మా, మీరు తినండి అని చెప్పొద్దా?”

“చెప్పాలక్కా.”

“చదువు.”

“జూన్ 3. రెండు ప్లస్‌లు. జూన్ 4. రెండు ప్లస్‌లు. జూన్ 5. మూడు. జూన్ 6, శుక్రవారం. మూడు. సాయంత్రం కొండమ్మ మామ్మ ఇంటికి వెళ్లాం. అన్నం తింటోంది. చూడవే, శుక్రవారం అన్నం తిని ఆరేళ్లయింది, నీ పుణ్యమా అని గోంగూర కూడా వేసుకున్నా అంది. నాకు చూపించి తింది. ఇప్పుడు చెప్తే మళ్లీ మానేస్తుంది.”

కృపారాణి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెయ్యి ఊపి చదవమంది.

“జూన్ 16. మూడు ప్లస్‌లు. శ్రీజక్కా, ఇవాళ నువ్వు ఫోన్ చేసి మాత్ర తగ్గించమన్నావు. అమ్మ నవ్వింది. ఫోన్ స్పీకర్లో ఉంది, నువ్వూ నవ్వావు. నేను చెప్దామని దగ్గరికి వచ్చాను. అమ్మ ఫోన్ పెట్టేసి నన్ను ముద్దు పెట్టుకుంది.”

ఆ ఫోన్ శ్రీజకు గుర్తుంది. ఉదయం తొమ్మిదీ పది. ఆ రోజు ఆమె పన్నెండు మందికి చేసింది. మోతాదు తగ్గింది స్టెల్లాకొక్కదానికే.

“జూలై 1. మూడు. జూలై 5. నాలుగు. స్కూలు బూట్లు పట్టడం లేదు. చెప్పులతో వెళ్తే సార్ ఏమీ అనలేదు. జూలై 9. నాలుగు. కడుపులో బరువుగా ఉంది. జూలై 11, శుక్రవారం. నాలుగు. శ్రీజక్కా, ఇంక ఆరు రోజులే.”

శ్రీజ ఆపింది. ఆ ఆరు రోజుల లెక్క సరైనదే. ఆసుపత్రికి రావాల్సిన తేదీని ఆమే మే ఇరవై రెండున స్టెల్లా చేతికి రాసి ఇచ్చింది. తేదీ కంటే ముందు రావచ్చనీ, ప్లస్ వస్తే ఆ రోజే ఫోన్ చెయ్యాలనీ తల్లికి చెప్పింది. పిల్లకు విడిగా చెప్పలేదు.

“ఇది నువ్వు తీసుకెళ్తావా?” అడిగింది కృపారాణి.

“తీసుకెళ్లాలక్కా. సీలు వెయ్యాలి.”

“దాని ఆఖరి రాత అది.”

“ఫోటోలు తీసిస్తాను. తర్వాత అసలుది అడిగి మీకు తిరిగి...”

“వద్దులే. నీకు రాసింది. నీదే.” ఆమె చెయ్యి చాపింది. “ఒకసారి ఇవ్వు. చూసిస్తా.”

ఆమె మొదటి నుంచి పేజీలు తిప్పింది. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది. నలభై. వేలు ఆగింది.

“నలభై మూడున్నాయా అక్కా?” అంది శ్రీజ. జూన్ రెండు నుంచి జూలై పద్నాలుగు దాకా నలభై మూడు రోజులు.

“నలభై మూడున్నయ్. కానీ ఈ మూడు దానివి కాదు.”

శ్రీజ వంగి చూసింది. జూలై 12. నాలుగు ప్లస్‌లు. జూలై 13. నాలుగు ప్లస్‌లు. జూలై 14. నాలుగు ప్లస్‌లు. మాటలేమీ లేవు. తేదీ, అంకె. ప్రతి తేదీ కిందా ఒక గీత.

“దాని రాత నిలువుగా ఉంటది. నేను నేర్పించిన రాత. ఇది వాలింది. తేదీ కింద గీత గియ్యదు అది.” కృపారాణి కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుంది. “ఇది ఆయన రాత.”

“అన్నయ్యదా?”

“పన్నెండు శనివారం. ఇంట్లోనే ఉన్నారు. ఆదివారం ఉన్నారు. సోమవారం పొద్దున ఆరింటి బస్సుకి వెళ్లారు.”

“నిదానంగా చూడండక్కా. ఊరికే అనొద్దు.”

కృపారాణి లేచి అలమరాలోంచి కుటుంబ బైబిలు తెచ్చింది. ముందు ఖాళీ పేజీలో పెళ్లి తేదీ, స్టెల్లా పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ ఉన్నాయి. వాటి కింద కొత్త సిరాతో పోయిన మంగళవారం తేదీ ఉంది. నాలుగూ ఆదాము రాసినవి. నాలుగు తేదీల కిందా గీత ఉంది. శ్రీజ నోటుపుస్తకాన్ని పక్కన పెట్టింది. ఒకటి అంకెకు పైన చిన్న కొక్కెం. నాలుగు అంకె మూయకుండా వదిలి ఉంది. రెండుచోట్లా అంతే.

డైరీ కూడా తెరిచి చూశారు. జూలై 12, 13, 14. మూడు గళ్లలోనూ ‘నిల్’. ఆ మూడూ స్టెల్లా చేతిరాతే. “అంటే శనివారానికే ఆయనకి తెలుసు,” అంది కృపారాణి.

ఒంటి గంట యాభై రెండు నిమిషాలకు కృపారాణి భర్తకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. మూడో రింగుకు ఆయన ఎత్తాడు. వెనక జనం మాటలు వినిపిస్తున్నాయి.

“ఇచ్చేశా కృపా. పదకొండున్నరకే ఇచ్చేశా. నంబరు వేసి స్లిప్పు చేతికిచ్చారు. తెనాలి మన జిల్లా కాదుగా, గుంటూరుకి పంపిస్తామన్నారు. నువ్వేమన్నా తిన్నావా?”

“పన్నెండో తారీకు, శనివారం పొద్దున అమ్మాయి స్ట్రిప్పు మీరు చూశారా?”

 వెనక ఎవరో టోకెన్ నంబరు పిలిచారు.

“ఏమండీ. చూశారా?”

“పుస్తకం దొరికిందా?” అన్నాడు ఆదాము.

ఫోన్ కట్ అయింది. కాల్ నడిచింది నలభై ఆరు సెకన్లు.

రెండు నుంచి ఐదు గంటల మధ్య కృపారాణి ఏడుసార్లు చేసింది. ఏడుసార్లూ స్విచాఫ్. బాపట్లలో గది యజమానికి శ్రీజ ఫోన్ చేసింది. గదికి తాళం ఉందనీ, ఉదయం నుంచి ఆదాము అటు రాలేదనీ ఆయన చెప్పాడు. ఆరున్నరకు బాపట్ల బస్సు రేపల్లె బస్టాండులో ఆగింది. పంతొమ్మిది మంది దిగారు. ఆదాము వాళ్లలో లేడు.